ఒక నిలువు లోతు

జనవరి 29, 1955. కమలాపురం

ఎరువుల కంపెనీవాళ్ళు మా ఆయనకిచ్చిన డైరీ ఇది. ఆయనకు చదువు రాదు కాబట్టి నా చేతికొచ్చింది. నెలంతా ఖాళీగా పడి ఉంది. ఈరోజు రాయడానికి సంగతి దొరికింది. మేము ఓడ ఎక్కబోతున్నాం.

మునుపు మా తాలూకాలో బావుల పని చూసిన ఓవర్సీరు ఇప్పుడు అండమాన్ దీవుల్లో ఉన్నాడు. మూడు దీవుల్లో కొత్తగా కాపురం పెట్టిన కాందిశీకులకు తాగేందుకు మంచినీళ్ళు లేవట. వచ్చి నీళ్ళు చూపించమని, చిన్న స్టీమరు మీద దీవి దీవికీ తిప్పుతానని ఆయనకు జాబు రాశాడు. భార్యను కూడా తీసుకురావచ్చట.

ఆయన వేప పంగలపుల్ల పట్టుకుని నడిస్తే, నేల కింద నీళ్ళున్న చోట అది వంగుతుంది. ముప్ఫై ఊళ్ళలో ఆయన చూపించిన బావులున్నాయి. ఈ రెండేళ్ళలో మాత్రం మూడు చోట్ల వరసగా రాయే పడింది. పుల్ల తప్పు కాదప్పా, నీ చెయ్యే ఎండిపోయిండాది అని వేంపల్లె రైతొకడు ముఖం మీదే అన్నాడు. అప్పటినుంచి ఆయన అన్నం ముందు కూర్చుని కూడా చేతులు చూసుకుంటాడు.

దీవుల్లో నీళ్ళు పడితే మళ్ళీ మనిషవుతాడు. నాకు సముద్రంలో ఒక్క మునక చాలు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు, నేను చూసిన పెద్ద నీళ్ళు వానాకాలపు పాపాఘ్ని ఏరే.

ఫిబ్రవరి 6. పెద్ద ఓడ

వాంతులు. రాయలేను.

ఫిబ్రవరి 11. చిన్న స్టీమరు

కేబిను మా గాదె కన్నా చిన్నది. నేను చీర కట్టుకోవాలంటే ఆయన బయట నిలబడాలి. మనిషికి రోజుకు రెండు చెంబుల మంచినీళ్ళు. ఓడలో అందరూ దానికి గొణుగుతున్నారు. మేమిద్దరం సాయంత్రానికి ఒక చెంబు మిగిల్చాం. ఓవర్సీరు నోరు తెరిచాడు.

వంటవాడి పేరు లేవి. నంద్యాల వైపువాడు, ఎనిమిదేళ్ళుగా ఈ నీళ్ళ మీదే ఉన్నాడు. జొన్నపిండి దాచిపెట్టి నాకు రొట్టె చేశాడు. అక్కా, యాడ పుట్టినోళ్ళం, యాడ తింటాండామో చూడు అన్నాడు. ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 13. మొదటి దీవి

బోటు దిగి అడుగు పెట్టగానే పుల్ల వంగింది. ఇరవై అడుగులు నడిచాడు, వంగింది. కొబ్బరి చెట్ల కింద వంగింది, గుడిసెల వెనక వంగింది. ఎక్కడా లేవదే! ఆయన ముఖం మొదట వెలిగింది, తర్వాత ఇన్నిచోట్ల వంగితే ఎట్ల నమ్మేదని ముడుచుకుంది.

వాళ్ళ నాయన నాటి పట్టింపులన్నీ తవ్వేవాళ్ళకు చెప్పించాడు. చెప్పులు విడవాలి. తవ్వుతున్న బావిలో ఆడమనిషి కాలు పెట్టకూడదు, పెడితే అక్కడితో పలుగు ఆపెయ్యాలి. కొత్త నీళ్ళ మొదటి దోసిలి చోటు చూపించినవాడిది.

అంతా ఇసుక. ఒక మనిషి నిలువు లోతుకే నీళ్ళు ఊరాయి. ఆయన దోసిలి పట్టాడు, తర్వాత నేను. కొబ్బరి నీళ్ళంత తీపి. పని అయిపోయింది, ఇక సముద్రానికి పోదామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇది పై ఊట, నాలుగెండలకు ఇంకిపోతాది, అసలు జల కింద ఉండాది, తవ్వండప్పా అన్నాడు. మా సీమలో ఒక్క నిలువుకే పడిన నీళ్ళను ఎవరు నమ్ముతారు? ఇంకో నిలువు తవ్వించాడు.

సముద్రం యాడికి పోతాది, రేపు సూద్దాం అన్నాడు నాతో.

ఫిబ్రవరి 14

ఉప్పు. నోట్లో పోసుకోలేం. బిందెలు తెచ్చుకున్న ఆడవాళ్ళు రుచి చూసి, ఉమ్మేసి వెళ్ళిపోయారు. సముద్రం మాటే ఎత్తలేదు నేను.

ఫిబ్రవరి 17. రెండో దీవి

ఒక నిలువుకు తీపి. రెండు నిలువులకు ఉప్పు. వద్దు వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆడోళ్ళకు బావుల సంగతేం తెలుసు అన్నాడు.

ఫిబ్రవరి 18

నేను అడిగితే గానీ లేవి చెప్పలేదు. వానకు ఇంకిన తీపినీళ్ళు ఈ దీవుల్లో ఉప్పునీళ్ళ మీద తేలతాంటాయట, పాల మీద మీగడ మాదిరి. పైపైన తీసుకోవల్ల, లోతుకు పోతే అంతా కలిసిపోతాదట. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, వంటోని మాట ఎవరు ఇంటారక్కా అన్నాడు.

కేబినుకు పోయి ఆయనకు చెప్పాను. ఇంతెత్తున లేచాడు. మా నాయన పది నిలువుల కింద జల పట్టినోడు, నువ్వు వంటోని మాట పట్టుకొచ్చి నాకు బావి నేర్పిస్తాండావా అన్నాడు. నాకూ కోపమొచ్చింది. నీ చెయ్యి ఎండలేదు, నీ మొండితనం ముదిరింది అన్నాను. అనకుండా ఉండాల్సింది. మళ్ళీ చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఓవర్సీరు కూడా వచ్చి కూర్చున్నాడు. మూడో దీవిలో కూడా నీళ్ళు తప్పితే అక్కడున్న నలభై కుటుంబాలనూ లేపి వేరే చోటికి పంపిస్తారట. వాళ్ళు ఇళ్ళు పోగొట్టుకుని వచ్చినవాళ్ళు, మళ్ళీ లేపుతారా అని అడిగాను. ఓవర్సీరు నావైపు కాక ఆయన వైపు చూశాడు. లేవి మాట ఓవర్సీరుకూ చెప్పాను. వంటవాడు కూర సంగతి చెబితే వింటానమ్మా అని నవ్వాడు.

ఫిబ్రవరి 20. పొద్దున. మూడో దీవి

పలుగు దిగింది. ఆడవాళ్ళు అప్పుడే బిందెలతో వచ్చి వరసగా కూర్చున్నారు. ఒకావిడ ఒడిలో చంటిపిల్ల. తవ్వేవాళ్ళ నిచ్చెన ఎక్కడ వేస్తారో చూసుకుంటున్నాను.

ఫిబ్రవరి 20. సాయంత్రం

చేసేశాను.

ఒక నిలువుకు నీళ్ళు ఊరాయి. తవ్వేవాళ్ళు పైకొచ్చి బీడీలు ముట్టించారు. ఆయన ఎప్పటిలాగే ఇంకా కిందికి పోవల్ల అన్నాడు. నేను చెంగు బిగించి నిచ్చెన మీద నుంచి దిగి, నీళ్ళలో కూర్చున్నాను. నడుము దాకా నీళ్ళు. సముద్ర స్నానానికని ఇంత దూరం వచ్చి బావిలో మునిగాను.

పైనుంచి ఆయన అరిచిన అరుపులు రాయను. ఎక్కి రా, బుద్ధి లేదా, పట్టింపు తెలీదా అన్నాడు. పట్టింపు తెలిసే దిగాను, ఆడదాని కాలు పడింది, ఇంక నువ్వు తవ్వించవు అన్నాను. నా గొంతు బావిలో నాకే గట్టిగా వినిపించింది. ఓవర్సీరు పోనీ తవ్విద్దాం అన్నాడట. ఆయన ఒప్పుకోలేదు. వాళ్ళ నాయన మాట దాటడు. ఆ ఒక్కటీ నాకు తెలుసు.

చుట్టూ రాళ్ళు పేర్చారు. మురికి నీళ్ళు తోడిపోసి తేటపడనిచ్చారు. తీపి. బిందెలు నిండాయి. చంటిపిల్లావిడ నా తడి చేయి పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అంది, నాకు అర్థం కాలేదు.

మొదటి దోసిలి పట్టమని ఓవర్సీరు పిలిస్తే ఆయన ముట్టలేదు. ఇది నేను తవ్విచ్చిన బావి కాదు, ఆపేసిన బావి, ఎండల్లో ఎన్నాళ్ళుంటాదో సూడండి అని బోటు వైపు నడిచాడు.

ఫిబ్రవరి 23

మాటల్లేవు. ఇంత కేబినులో ఇద్దరు మనుషులు మూడు రోజులు మాట్లాడకుండా ఉండటం కూడా ఒక విద్యే. ఇదంతా ఊరికి చెబుతాడా, మా అత్తకు చెబుతాడా? తప్పు చేశానని మాత్రం అనను.

ఆ దీవి వదిలిన రోజు పొద్దున్నే ఆయన ఒంటరిగా బావి దగ్గరికి పోయి సీసా నింపుకోవడం చూశానని లేవి చెప్పాడు. పెట్టె వెతికాను. పంచెల మధ్య ఉంది, బిరడా మీద మైనం పూసి.

మార్చి 12. కమలాపురం

ఇంటికి చేరాం. సముద్రం ఎట్ల ఉండాది అని అత్త అడిగింది. ఉప్పగా ఉండాది అన్నాను. కాలు కూడా తడపలేదని చెప్పలేదు. బావి సంగతి ఆయనా చెప్పలేదు. పంగలపుల్లను చూరులో దోపేశాడు.

ఏప్రిల్ 26

ఎవరో నీళ్ళు చూపించమని వచ్చారు. ఇంట్లో లేనని చెప్పమన్నాడు, ఇంట్లోనే కూర్చుని.

జూన్ 3

ఓవర్సీరు జాబు. ఆ బావి ఎండాకాలమంతా నిలిచిందట, చివరి రోజు దాకా తీపేనట. ఒక్క కుటుంబం కూడా కదల్లేదు. మిగిలిన రెండు దీవుల్లో కూడా ఒక నిలువుకే ఆపి కొత్తవి తవ్వించాడట.

చదివి వినిపించాను. ఒక నిలువు అన్న మాట దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడు. చదివాను. లేచి చేలోకి పోయాడు.

జూన్ 4

పొద్దున్నే మైనం గీకి ఆ బావి నీళ్ళ సీసా తెరిచాడు. నా దోసిలి పట్టమన్నాడు. మొదటి దోసిలి నాకే పోశాడు.

పాచి కంపు. తాగాను.