ఖలాస్ అన్న మాటకు రెండో అర్థం

వచ్చే ఆదివారం నాకు గుండె ఆపరేషన్. ఆ తరువాత నేను మాట్లాడగల స్థితిలో ఉంటానని డాక్టర్లు హామీ ఇవ్వలేదు. పంతొమ్మిదేళ్లుగా చెప్పవలసి ఉండీ చెప్పని మాట ఒకటి నా దగ్గర ఉంది. అందువల్ల ఈ పత్రం ఈరోజే రాస్తున్నాను.

ప్రొద్దుటూరులో జట్కా గుర్రాలకు జీనులు కుట్టిన కీర్తిశేషులు సిద్ధయ్య కుమారుడనైన నాగేంద్రప్రసాద్ అనే నేను, వయస్సు అరవై ఆరు, వృత్తి జీను పని, ప్రస్తుత నివాసం కువైట్, హవల్లీ, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదువుకుంటూ స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు మునుపు నేను ఏ వీలునామా రాసి ఉండలేదు.

దీనిని అమలు జరిపే బాధ్యతను అహ్మదిలో ఇంజనీరుగా పనిచేస్తున్న అమలాపురం వాస్తవ్యుడు సూర్యకిరణ్‌కు అప్పగిస్తున్నాను. నా చేతిరాత చదవగలిగినవాడు అతనొక్కడే. చదివిన ప్రతిసారీ "మాష్టారూ, మీ అక్షరాలు గుర్రాలెక్కి పారిపోతున్నాయండి" అంటాడు. నిజమే గనుక ఇందులో తప్పు పట్టేదేమీ లేదు.

1. ప్రొద్దుటూరు ఇల్లు నా భార్య వెంకటేశ్వరికి సర్వహక్కులతో చెందవలెను. నేను సెలవుకు వెళ్లిన ప్రతిసారీ ఆమె కట్టి ఇచ్చిన నువ్వుల పొడి డబ్బాలు ఇరవై మూడు నా గదిలో ఉన్నాయి. వాటిని పారవేయక ఆమెకే పంపవలెను. నేను వాటిలో సూదులు దాచుకున్నానని ఆమెకు తెలియదు.

2. నా తమ్ముడు గంగాధర్, మా నాన్న సూదులూ, తోలుకు బెజ్జాలు వేసే ఆరెలూ తన వాటాకు వచ్చాయని తీసుకుపోయి పాత ఇనుము వాడికి వేశాడు. ఆ విషయం నేను మరచిపోలేదు. అయినా నాన్న ఫోటో అతనికే ఇస్తున్నాను. నాన్న చేతులు కనిపించే ఫోటో అదొక్కటే. వాటిని అతను రోజూ చూడవలెనని నా కోరిక.

3. ప్రష్యా అశ్వికదళ సేనాని కార్ల్ ఫాన్ రాడెన్‌ఫెల్డ్ వాడిన జీను మిష్రిఫ్‌లోని మా యజమాని కుటుంబానిది. పెద్ద యజమాని దానిని 1998లో యూరప్‌లో వేలంలో కొని, బాగుచేయమని నాకు అప్పగించారు. దానితో వచ్చిన ఆరు నోటుపుస్తకాలను మాత్రం లిఖితపూర్వకంగా నాకు బహూకరించారు. జీను వారికి చేరవలెను. ఎడమ రికాబును వేలాడదీసే తోలు పట్టీ కొత్తది, నేను కుట్టినది. మిగతాదంతా అసలుదే.

4. ఆ నోటుపుస్తకాలూ, వాటిని చదవడానికి పదకొండేళ్లు జర్మన్ నేర్చుకుని నేను తెలుగులో రాసిన సేనాని జీవితచరిత్రా సూర్యకిరణ్‌కు చెందవలెను. రాడెన్‌ఫెల్డ్ 1826లో పొమెరేనియాలో ఒక జమీందారీ వంశంలో మూడో కొడుకుగా పుట్టాడు. భూమి పెద్దవాడిది కాబట్టి ఇతనిని పదకొండో ఏటనే సైనిక పాఠశాలలో వేశారు. నలభై నాలుగేళ్లకు బ్రిగేడ్ అధిపతి అయ్యాడు. 1870లో ఫ్రాన్స్ నేల మీద ఒక ఉదయం తన ఆడగుర్రం సంగతి అడిగితే, క్రూగర్ అనే సేవకుడు "ఫెర్టిగ్" అన్నాడు. ఆ జర్మన్ మాటకు సిద్ధమైందనీ అర్థం, అలసి పని అయిపోయిందనీ అర్థం. సేనాని మొదటి అర్థం తీసుకున్నాడు. గుర్రం రెండో కాలువ దగ్గరే కూలింది. సేనాని కాలు విరిగింది, దళం గంటసేపు నాయకుడు లేక నిలిచిపోయింది. క్రూగర్ అబద్ధమాడాడని సేనాని నివేదికలో ఒక్క వాక్యం రాసి అతనిని పంపించివేశాడు. ఆ తరువాత పతకాలు, పదోన్నతి, పెద్ద పింఛను. 1901లో, చనిపోవడానికి నెల ముందు, ఆరో నోటుపుస్తకంలో ఒకే వాక్యం రాశాడు: "క్రూగర్ ఏ అర్థంలో అన్నాడు?"

నేను దానిని 2014లో చదివాను. నిఘంటువు తెరిచి, మూసి, ఆ రోజు పనికి వెళ్లలేదు.

5. ఇది ఆస్తి కాదు, వాంగ్మూలం. 2006 మార్చిలో మా గుర్రపుశాలలో నా కింద పనిచేసిన రాయచోటి వాస్తవ్యుడు చిన్నపుల్లయ్యకు ఒక తంగు ఇచ్చి కుట్టు చూసి బాగుచేయమన్నాను. గుర్రం పొట్ట కింద బిగించి జీనును నిలిపే పట్టీ అది. మరునాడు ఉదయం అతను "అన్నా, ఆ తంగు ఖలాస్" అన్నాడు. కుట్టడం అయిపోయిందని అనుకుని నేను దానినే బిగించాను. ప్రతి పట్టీనీ చేత్తో గుంజి చూడడం నా పని. ఆ రోజు చూడలేదు. తంగు తెగి, యజమాని కుమార్తె కిందపడి భుజం ఎముక విరిగింది. విచారణలో చిన్నపుల్లయ్య యజమానితో "ఖలాసని ముందే జెప్పినా బాబా" అన్నాడు. పని పూర్తయిందని చెప్పానంటూ తప్పు తానే ఒప్పుకుంటున్నాడని యజమాని అనుకున్నారు. నేను పక్కనే ఉండి ఏమీ అనలేదు. వారంలో అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకు అనుమతి, రద్దయింది. విమానాశ్రయానికి బండి ఎక్కుతూ, "ఖలాసంటే పనికిరాదనే గదన్నా నేను జెప్పింది. నీకు తెల్దా?" అన్నాడు.

అతను నిజమే చెప్పాడు. తప్పు నాది. ఈ నిబంధన అరబ్బీ అనువాదాన్ని యజమాని కుమార్తెకు సూర్యకిరణ్ స్వయంగా అందించవలెను. ఈ సంగతినంతా నేను సేనాని జీవితచరిత్రలో తొమ్మిదో అధ్యాయంగా రాశాను. అది లేకుండా పుస్తకం అచ్చు కాకూడదు.

6. నా పనిముట్లన్నీ చిన్నపుల్లయ్యకు, అతను లేకుంటే అతని భార్య గురమ్మకు చెందవలెను. తెగిన ఆ తంగు కూడా వాటిలో ఉంది. కొనలు రెండూ అలాగే ఉంచాను. తోలు పని తెలిసినవారు ఎవరు చూసినా ఆ కుట్టు కొత్తది కాదని, అతను దానిని కుట్టనే లేదని చెప్పగలరు.

7. ఈ పత్రానికి సాక్షిగా ఉంటున్న డ్రైవరు అల్లాబకష్‌కు నా టీ ఫ్లాస్కు రాయాలనుకున్నాను. సాక్షికి ఏదీ రాయరాదని విన్నాను. కాబట్టి నిన్ననే చేతికిచ్చాను. "మళ్లీ అడిగితే ఇయ్యను భాయ్, ఆపరేషన్ అయినాంక కూడా" అన్నాడు.

8. చిన్నపుల్లయ్య బతికి ఉన్నాడో లేదో నాకు తెలియదు. 2015లో రాసిన రెండు ఉత్తరాలూ తిరిగి వచ్చాయి. ఉంటే, పనిముట్లు పుచ్చుకుంటాడో లేదో తెలియదు. ఆ ఉదయం ఆ మాటను నేను నిజంగానే తప్పుగా విన్నానా, తొందరలో నాకు వీలైన అర్థం తీసుకున్నానా అన్నది నాకే నిశ్చయంగా తెలియదు.

హవల్లీ, 2025 నవంబరు 11, మంగళవారం.

(సంతకం) సి. నాగేంద్రప్రసాద్

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు:
1. అల్లాబకష్, డ్రైవరు, హవల్లీ
2. తస్లీమ్, నర్సు, హవల్లీ