పచ్చికబయలు మీది ఇల్లు కొండ దించుకొనుటకు అనుమతి కోరుతూ

ఈస్ట్ బెల్డన్, వెర్మాంట్,
జనవరి నెల.

శ్రీయుత రస్సెల్ టెట్రో గారికి,
పర్యవేక్షణాధికారి,
బెల్డన్ లోయ భూసంరక్షణ ట్రస్టు.

అయ్యా,

విషయం: లరోక్ పచ్చికబయలుపై సంరక్షణ ఒప్పందమునకు విరుద్ధముగా వెలసిన ఇంటిని, కూలగొట్టకుండా, ఉన్నదున్నట్టు కిందికి దించి నా దొడ్డిలో పెట్టుకొనుటకు అనుమతి కోరుట గురించి.

నిర్దేశము: తమరు నా తమ్ముడు ఎమెరీ లరోక్‌కు పంపిన తాఖీదు. దానిని అతడు పొయ్యి రాజేయుటకు వాడినందున నంబరు, తేదీ ఉదహరించలేకపోతున్నాను.

పై విషయమై డెబ్బై ఒక్క ఏళ్ళ ఒడెట్ లరోక్ అను నేను తమ సముఖమునకు విన్నవించుకొనునది:

1. సదరు పచ్చికబయలు నాకును నా తమ్మునికిని ఉమ్మడి ఆస్తి. మా నాన్న బతికుండగానే ముగ్గురమూ సంతకాలు చేసి, దాని మీద మనుషులు కాపురముండే కట్టడం ఎన్నటికీ లేపబోమని తమ ట్రస్టుకు రాసిచ్చాము. గడ్డి కోసుకోవచ్చు, ఆవుల్ని మేపుకోవచ్చు, మేపుల్ చెట్ల పాలను పాకంగా కాచుకోవడానికి ఒక పాక వేసుకోవచ్చు. ఇల్లు మాత్రం కూడదు. బాబోలింక్ పిట్టలు ఆ గడ్డిలో నేల మీదే గూళ్ళు పెడతాయి గనుక, పిల్లలు ఎగిరేదాకా కోత కూడా కూడదు. మా నాన్న ఆ పిట్టల్ని తిట్టని ఏడాది లేదు. వాటి కోసం కోత ఆపని ఏడాదీ లేదు.

2. అటుకిందటి వేసవిలో నది పొంగినప్పుడు ఏటి ఒడ్డున ఉన్న ఎమెరీ ఇల్లు కొట్టుకుపోయిన సంగతి తమకు విదితమే. అతని భార్య కొరిన్ అంతకు ముందు చలికాలంలోనే చనిపోయింది. ఆమె కోట్లు, కుట్టు మిషను, పెళ్ళి ఫోటోలు ఆ ఇంట్లోనే ఉన్నాయి. అన్నీ పోయాయి. ఎమెరీ కారుతో బయటపడ్డాడు. నేను అతన్ని నా ఇంటికి రమ్మన్నాను.

"పైగది ఖాళీగానే ఉందిరా, వచ్చెయ్."

"అక్కా, నీ రేడియో, నీ పిల్లులు, నీ నోరు. రెండు రోజులు నీతో ఉంటే మూడో రోజు నేనే వెళ్ళి ఏట్లో దూకుతాను."

కొన్నాళ్ళు పొరుగున ఉన్న హార్లన్ డ్రౌన్ కొట్టం పక్క గదిలో పడుకున్నాడు. మరుసటి వేసవిలో ఎవరితోనూ చెప్పకుండా పచ్చికబయలు నెత్తిన స్తంభాలు పాతడం మొదలుపెట్టాడు. నేను అడిగితే మేపుల్ పాకం కాచే పాక అన్నాడు.

3. సదరు పాకకు రెండు కిటికీలు, వంటగట్టు, వరండా ఉన్నవి. తమరు తనిఖీకి వచ్చిన రోజు జరిగిన సంభాషణ తమకు గుర్తుండే ఉంటుంది, అయినను రికార్డు నిమిత్తం వ్రాయుచున్నాను.

"పాకం కాచే చోట మంచమెందుకండీ?" అని తమరు అడిగారు.

"రాత్రంతా కాయాలి కదా, కునుకు పడుతుంది" అన్నాడు ఎమెరీ.

"మరి ఈ చుట్టుపక్కల ఒక్క మేపుల్ చెట్టూ లేదే?"

"నాటానండీ, అదుగో" అని మోకాలెత్తు మొక్కను చూపించాడు.

ఆ మొక్క పాలివ్వాలంటే నలభై ఏళ్ళు పడుతుంది. మా వాడికి అరవై ఎనిమిది. తమరు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. తరవాత అతను పెట్టిన ‘ఆపిల్ పై’ ముక్క రెండోసారి కూడా వడ్డించుకున్నారు. కేసు నీరుగారిపోయిందనే నేను అనుకున్నాను. అయినా తాఖీదు పంపారు. అందుకు తమ మీద గౌరవం కలిగింది.

4. తమకు ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చినది నేనే. దీన్ని దాచాల్సిన పనేమీ లేదు. దిగువ పొలం కొన్న ఒక పెద్దమనిషి తన భూమి మీద కూడా ఇదే ఒప్పందం ఉన్నప్పటికీ అక్కడ పెళ్ళిళ్ళ హాలు కట్టాలని చూస్తున్నాడు. ఆయన పోస్టాఫీసులో నన్ను చూసి టోపీ తీసి, "మీ తమ్ముడుగారిది నిలబడితే నాదీ నిలబడుతుంది కదండీ!" అని నవ్వాడు. నేను ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే తమకు ఫోను చేశాను.

ఆనాటి నుంచి ఎమెరీ నాతో మాట మానేశాడు. ఊళ్ళో టిఫిన్లకు ఉన్నది ఒకే హోటలు. అక్కడ హార్లన్‌కు చెరోపక్క కూర్చునేవాళ్ళం.

"హార్లన్, ఆ ఉప్పు ఇటివ్వమని ఆవిడకి చెప్పు."

"హార్లన్, డాక్టరు ఉప్పు మానమన్నాడని ఆయనకి చెప్పు."

"మీ తగువులో నా ఆమ్లెట్టు చల్లారిపోతోందని మీ ఇద్దరికీ నేనే చెబుతున్నా" అన్నాడు హార్లన్.

5. నవంబరులో తొలి మంచు పడిన మర్నాడు పొద్దున, వంటింటి కిటికీలోంచి చూస్తే ఎమెరీ పొగగొట్టంలో పొగ లేదు. కాసేపు ఆగి మళ్ళీ చూశాను. లేదు. ఈ భాగమును ఎటుల వ్రాయవలెనో నాకు తెలియడం లేదు గనుక జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొండ ఎక్కాను. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. తలుపు తీసేసరికి మనిషి జ్వరంతో మంచం మీద ఉన్నాడు, పొయ్యి చల్లగా ఉంది. పొయ్యి రాజేసి, సూపు కాచి, నోట్లో పోశాను. తిట్లు మాత్రం ఆపలేదు. అతను ఎదురు తిట్టలేదు, దాంతో నాకు భయమేసింది.

మధ్యాహ్నం మంచు కాస్తా వానగా మారి రేకుల మీద టపటపా పడింది. ఎమెరీ లేచి కూర్చున్నాడు. ఒళ్ళు కాలిపోతున్నా బూట్లు తొడుక్కోవడం మొదలెట్టాడు.

"ఎక్కడికిరా?"

"ఎక్కడికీ లేదు. వాన పడితే ఇలా కూచుంటాను, అంతే."

"ప్రతి వానకీనా?"

"నీళ్ళు ఎక్కలేని చోటు మనకున్న దాంట్లో ఇదొక్కటే అక్కా" అన్నాడు.

మూడు నెలల తరవాత అక్కా అన్నాడు. ఇన్నాళ్ళూ నేను అతను మొండితనం కొద్దీ కట్టాడనుకున్నాను, అందమైన దృశ్యం కోసం కట్టాడనుకున్నాను. ఆ ఇంట్లో కుర్చీ కిటికీ వైపు తిరిగి లేదు. తలుపు వైపు తిరిగి ఉంది. అయ్యా, ఒప్పందం మొత్తం నాకు కంఠతా వచ్చు. ఏ క్లాజులోనూ దీనికి జవాబు లేదు.

6. నా ఇల్లు, దాని చుట్టూ ఉన్న దొడ్డి ఒప్పందంలోకి రావు. ఇంటి వెనక రాతి మెట్ట మీద నా రాస్ప్‌బెర్రీ పొదలుండేవి. జ్వరం తగ్గాక ఎమెరీతో, ఇల్లు అక్కడికి దించుకోరా, వరదప్పుడు కూడా నీళ్ళు రోడ్డు దాటి ఇటు రాలేదు అన్నాను.

వారం తరవాత జోరున వాన. నేను పొయ్యి దగ్గరుండి చూస్తే, ఎమెరీ నా పొదల మధ్య టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏటి వైపు చూస్తున్నాడు. లోపలికి రారా, తడుస్తున్నావు అని కేక వేయకుండా ఉండటానికి నేను పళ్ళు బిగబట్టుకోవాల్సి వచ్చింది. చాలాసేపటికి వెనక తలుపు తట్టాడు.

"ఇక్కడికి ఏటి చప్పుడు వినబడదు" అన్నాడు.

"వినబడదు."

"నీ రేడియో వినబడుతుంది."

"అది వినబడుతుంది."

"సరే" అన్నాడు.

నేల గడ్డకట్టేలోగా ఆ పొదలన్నీ పెరికేశాను. నా పెళ్ళినాటి పొదలు. మళ్ళీ ఎక్కడైనా నాటుకుంటాను.

7. కావున తమను ప్రార్థించునది: నేల బాగా గడ్డకట్టిన ఒక రోజున, సదరు ఇంటిని లావుపాటి దుంగల మీదికి ఎక్కించి, హార్లన్ డ్రౌన్ ట్రాక్టరు సాయంతో, మంచు మీదుగా పచ్చికబయలు దాటించుటకు అనుమతి దయచేయవలెను. గడ్డి వేళ్ళకు దెబ్బ తగలదు. పిట్టలు తిరిగి వచ్చే మే నెలకు ఆ చోట స్తంభాల గుంతలు కూడా ఉండవు, నేనే పూడుస్తాను.

ఒప్పందం సడలించమని నేను అడగడం లేదు. ఒక్క అక్షరం కూడా సడలించవద్దు. పెళ్ళిళ్ళ హాలు పెద్దమనిషి వస్తే ఈ అర్జీ ఆయనకు పైకి చదివి వినిపించగలరు. ఇల్లు అక్కడినుంచి పోవాల్సిందే. అయితే మా వాడి ఇల్లు ఇప్పటికి ఒకసారి పోయింది. రెండోసారి కూలగొట్టి ముక్కలుగా మొయ్యమంటే అతను మొయ్యగలడు గానీ, నేను చూడలేను.

నేల మెత్తబడక మునుపే తమరు చిత్తగించవలెనని వేడుకొంటూ,

తమ విధేయురాలు, ఫోను చేసిన మనిషి,
ఒడెట్ లరోక్.

తా.క. ఈ అర్జీ కవరులో పెట్టి స్టాంపు కోసం వెతుకుతుండగా హార్లన్ వచ్చాడు. "ఒడెట్, నేల రాయిలా ఉంది. ఎల్లుండి నుంచి మెత్తబడుతుందట. ఇవాళా, వచ్చే ఏడా?" అన్నాడు. నేను తమ ఆఫీసుకు ఫోను చేశాను. తమరు సరస్సు గడ్డకట్టిందని చేపలు పట్టడానికి వెళ్ళారని అక్కడి అమ్మాయి చెప్పింది. తమ సెలవు చెడగొట్టడం భావ్యం కాదనిపించింది.

ఇల్లు దించేశాము. ఊరి ఫైరింజను వాళ్ళందరూ తాళ్ళు పట్టుకుని వచ్చారు. ఎమెరీని ఇంట్లోంచి బయటికి రమ్మని హార్లన్ ఎంత అరిచినా రాలేదు. "ఈసారి ఇల్లు నేను లేకుండా ఎక్కడికీ పోదు" అని కిటికీలోంచి చెప్పి, కుర్చీలో కూర్చునే కొండ దిగాడు. గేటు దగ్గర ట్రాక్టరు జారి ఒక చోట గాడి పడింది. దానికి బాధ్యత నాదే, వసంతంలో గింజ చల్లుతాను, తమరు వచ్చి కొలుచుకోవచ్చు.

నిన్న తెల్లవారుజాము నుంచీ వాన. తొమ్మిదైనా అతని తలుపు తెరుచుకోకపోతే గాబరాగా వెళ్ళి చూశాను. గురక పెట్టి నిద్రపోతున్నాడు. లేపలేదు. అనుమతి లేకుండా చేసినందుకు తమరు మళ్ళీ తాఖీదు పంపదలిస్తే, దయచేసి మధ్యాహ్నం పూట వచ్చేటట్టు పంపగలరు.