చెండమేళానికి మళ్ళీ టిక్కు

మామయ్యా,
టిఫినుకి పుట్టూ శనగల కూరా మూతపెట్టి ఉంచాను. ఇక కంప్యూటర్ సంగతి. లినక్స్ తెరవగానే వాటంతటవే మొదలవ్వాలని చదరంగం, రేడియో, పంచాంగం, డోళ్ళ మోత మోగించే ఆ చెండమేళం అన్నింటికీ టిక్కులు పెట్టేశారు. ఓణం విస్తరిలో వడ్డించినట్టు అన్నీ ముందే పరిచేస్తే ఎలా? అది తెరుచుకుని నేను బడికి ప్రశ్నపత్రం పంపేసరికి బస్సు కాస్తా వెళ్ళిపోయింది. అందుకే అన్ని టిక్కులూ తీసేశాను. కంగారుపడకండి, టిక్కు తీస్తే ప్రోగ్రాం ఎక్కడికీ పోదు. మెనూలో నొక్కితే వస్తుంది. మళ్ళీ అన్నింటికీ పెట్టారో, సాయంత్రం చదరంగంలో మీ మంత్రి పని అయిపోయినట్టే!
రెంజిని

ఆగండి, చెండమేళానికి మాత్రం మళ్ళీ టిక్కు పెట్టాను. తీసేశానని చెప్పగానే అత్తయ్య గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చేశారు. "తీసేశావా? ఎవర్నడిగి తీశావే?"
రోజూ చెవులు చిల్లులు పడుతున్నాయని తిట్టేది మీరేగా అని ఆవిడతో అన్నాను.
"తిడతాను. మీ మామయ్య నడక నుంచి వచ్చి కంప్యూటర్ తెరిచారని అది మోగితేనే కదా నాకు తెలిసేది! అప్పుడే కదా చాయ్ పెట్టేది!"