పీర్ల కొట్టానికి సిమెంటు

లింగన్న బావకు దండాలు.

మన ఊరి పీర్ల కొట్టం మట్టి గోడలకు సిమెంటు పూయించానని నిన్న ఫోన్‌లో సంబరంగా చెప్పావు. వద్దన్నాను. "ఏటా మట్టి మెత్తుడు ఎవలతోటి అయితది? నీకేం ఫికర్?" అని నవ్వి పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అందుకే సెలవు మీద వస్తున్న మా మేస్త్రీ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నేను రోడ్డు పనికొచ్చిన ఈ ఘానా దేశపు పల్లెలో వందల ఏళ్లనాటి మట్టి మసీదు ఉంది. ఏటా వానలు వెనకబట్టాక ఊరంతా కలిసి గోడలకు మట్టి మెత్తేవాళ్లు. నిరుడు ఆ శ్రమ తప్పుతుందని సిమెంటు పూశారు. పైకి నున్నగా, గట్టిగా ఉండింది. లోపలి చెమ్మ బయటికి పోలేక మట్టి నానిపోయింది. మొన్న శుక్రవారం గోడ కూలింది. దాని నీడలో పిల్లలకు పాఠం చెప్పే ఇమాం సేదును మేమే తవ్వి తీశాం. అప్పటికే ప్రాణం పోయింది.

పీర్ల పండుగ దగ్గరికొచ్చింది. సిమెంటంతా చెక్కించు బావా. ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కించి మెత్తించు. నాతో మాట్లాడకపోయినా సరే, చెక్కిన గోడ ఫోటో పంపు. అప్పటిదాకా అక్కను మాత్రం అక్కడికి పోనియ్యకు. ఏటా ఆ గోడకే ఆనుకుని కదా పీర్లకు పెట్టే మలీద ముద్దలు కడుతుంది.

నీ బామ్మర్ది