అసిరమ్మప్ప సేట

శ్రీకూర్మంలో ఉన్న మా ఇంటావిడ ఈశ్వరమ్మగారికి రాజాం నుంచి ముఖ్య వార్త ఏటంటే, నా కుడికాలి సెప్పు తెగిపోనాది. ఇంట్లో అందరూ కాసేపు మౌనం పాటించండి.

ఫోన్లో అయితే సగంలోనే తిట్టేస్తావని ఈ కార్డు ముక్క రాస్తన్నాను. మిల్లులో మేం ధాన్యం బస్తాలు దింపుతుంటే రాలిన గింజలు ఊడిసినోళ్లవే. ఎప్పట్నుంచో అంతే. నిన్న కొత్త మేనేజరు, మిల్లు ఊడిసే మన అసిరమ్మప్ప సేతిలో సేట లాక్కుని, ఆ గింజలు మిల్లు బస్తాలో పోసేసినాడు. ముసిలమ్మని పట్టుకుని దొంగదానా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోనాది. ఆ ఖాళీ సేట ముందరెట్టుకుని గేటుకాడ కూకున్నాను.

"ఏట్రా గిరీ, మళ్లీ ఏషాలా?" అన్నాడు మా మేస్త్రీ సీమోను.

"కాదు బావా."

నా మొకం సూసి తనూ పక్కన కూకున్నాడు. తర్వాత బస్తాలు మోసే కలాసీలందరూ వచ్చినారు. ఎవరూ మాట తూలలేదు, రాయి ఇసర్లేదు. సాయంత్రానికి మేనేజరు దిగొచ్చి అప్పకి దండం పెట్టినాడు. మేనేజరు పిలిపించిన ఎస్సైగారు మాకు టీ పోయించినాడు.

అటక మీద పాత సేటలు బస్సు డ్రైవరు సేత పంపు, అందరి ముందరా ఎట్టడానికి ఇక్కడ సాల్లేదు. మేక ఈనినాదా? మన పాప శ్రావణికి దగ్గు తగ్గినాదా? దానికి నా దీవెనలు, అమ్మకి దండాలు.

దండం, టీ నేను కల్పించినవి. సెప్పు కూడా బాగానే ఉన్నాది. మిగతాది జరిగినాదే. మేనేజరు వేరే ఊరి కలాసీల్ని తెస్తానంటన్నాడు, నా పని పోతాదేమో. తిట్టాలనుంటే ఫోను సెయ్యి. గేటుకాడే ఉంటాను.