సూరూ నీళ్లు వెనక్కి తిరిగే వేళ

తోరీ గ్రామం, సూరూ గట్టు
1990 అక్టోబరు 7

చిరంజీవి ఇద్రిసా నిక్యేమాకు,

నీ ఒళ్ళు బాగుందా? నీ పని బాగుందా? అబిజాన్‌లో నీ వడ్రంగి కొట్టు, మీ మామయ్య, ఆ ఇంట్లో పిల్లలు అందరూ క్షేమమేనా? ఇక్కడ మేమంతా క్షేమం. ఇంతవరకు మర్యాద. ఇక అసలు మాట: ఒరేయ్ బానిసా, ఎక్కడున్నావురా?

కోప్పడకు. నువ్వు మోసీ తెగవాడివి, నేను సామో తెగవాణ్ణి. మేము మిమ్మల్ని బానిసలనాలి, మీరు మమ్మల్ని కుక్కతలలు తినేవాళ్ళనాలి. తాతల నాటి ఒప్పందం ఇది. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు. మీ నాన్న కూకా ఈ ఊరు వచ్చిన నాటి నుంచి నాతో ఒక్కసారీ ఓడలేదు. నువ్వు మీ మామయ్య దగ్గర పెరిగావు, నీకెవరూ చెప్పలేదు.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. మన సూరూ నది నిండుగా ఉంది. దీని తిక్క నీకు తెలీదు. ఏ ఉపనదైనా బుద్ధిగా వెళ్ళి పెద్ద నదిలో కలుస్తుంది. మనది అలా కాదు. వానల్లో పెద్ద నది మూహూన్ పొంగి, ఆ నీళ్లే సూరూలోకి ఎదురెక్కి ఉత్తరానికి పోతాయి. వానలు వెలిశాక మళ్ళీ దిగి మూహూన్‌లోకే పోతాయి. మా తాత కాలంలో ఇద్దరు తెల్లదొరలు నదిని కొలవడానికి వచ్చారట, ఒకడు వానల్లో, ఒకడు ఎండల్లో. ఒకడు పటంలో బాణం గుర్తు పైకి వేశాడు, రెండోవాడు కిందికి వేశాడు. నువ్వు తాగుబోతువంటే నువ్వు తాగుబోతువని కొట్టుకు చచ్చారట. తర్వాత రెండు నదులూ కలిసే లేరీ దగ్గర గేట్లు కట్టారు. ఎక్కి వచ్చిన నీళ్లను మూసి పట్టి ఉంచుతారు, దాంతో వరీ ఉల్లీ పండుతున్నాయి. గేట్లు మూసిన ఏడు మీ నాన్న గట్టు మీద నిలబడి, "చూడు లసినా, మట్టి మోసింది మా మోసీలు, ఒడ్డున కూర్చుని చూసింది మీ సామోలు" అని ఊరంతా వినేలా అరిచాడు. "నది మాది, దోమలు మీవి, మూటగట్టుకుపో" అన్నాను నేను. మర్నాడు నిజంగానే ఖాళీ గోనెసంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు, దోమలు పోయమని! అలాంటివాడు మీ నాన్న.

అసలు పనికి వస్తాను. మీ చెల్లెలు ఆసెతాను పెళ్ళికి అడగడానికి అవతలి రేవు చేపలవాళ్ళు తాంబూలంగా కోలా కాయలు పట్టుకొచ్చారు. కుర్రాడు మంచివాడు. ఆసెతాకీ ఇష్టమే, ఇంట్లో బిందె నిండా నీళ్లున్నా రేవుకు పరుగెడుతోంది. కానీ తండ్రి లేని పిల్ల కదా, కోలా అందుకుని సరే అనవలసింది అన్న. మీ అమ్మ పొకో, "ఇద్రిసా చెయ్యి పడని కోలా నేను ముట్టను" అని భీష్మించుకుంది. వాళ్ళు ఒకసారి ఉత్త మొహాలతో వెనక్కి పోయారు. కోతలయ్యాక మళ్ళీ వస్తారు. అప్పుడూ నువ్వు లేకపోతే ఇక ఈ గడప తొక్కరు.

నువ్వేమో ఆ లసినాగాడున్న ఊళ్ళో కాలు పెట్టనన్నావట. నీ కోపం నాకు తెలుసు. మీ నాన్నను మట్టి చేసిన రోజు నువ్వు బస్సు దిగి వచ్చేసరికి నేను ఆయన టోపీ పెట్టుకుని, ఆయనలాగే దగ్గుతూ, "పొకో, నా సంకటేదే? ఆకలితో చంపావు కదే" అని అరుస్తున్నాను. మీ అమ్మ ఏడుస్తూనే పక్కున నవ్వింది. తర్వాత తవ్విన గోతిలో దిగి పడుకుని, "నా సెలవు లేకుండా నా బానిస ఎక్కడికి పోతాడు? కోడిపుంజు ఇస్తేగానీ లేవను" అన్నాను. నువ్వు గోతిలోకి దూకి నా చొక్కా పట్టుకుని పైకి లాగి, "సిగ్గు లేదా ముసలోడా, మా నాన్న శవం ముందు వేషాలా" అన్నావు. ఊరు బిక్కచచ్చిపోయింది. నాయనా, మోసీవాడు పోతే సామోవాడు వచ్చి ఆ గోల చెయ్యాలి. చెయ్యకపోతేనే అవమానం. పోయినవాడికి ఈ ఊళ్ళో నా అన్నవాడు లేడని అర్థం.

సామోవాడు నోరు తెరిచి అడిగితే మోసీవాడు కాదనకూడదు, అదీ ఒప్పందంలోదే. అడుగుతున్నాను, రా. వచ్చి కోలా అందుకో. నన్ను ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. తిట్టేవాడు లేక ఈ మధ్య నాకు అన్నం సయించడం లేదు.

మీ నాన్నకూ నీకూ యజమాని,
లసినా పరే

తా.క.: ఒక మాట ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నేను గోతిలో ఉండగానే కోడిపుంజును తెచ్చి చూపించారు. అయినా నేను లేవలేదు. ముసలోడు బేరం పెంచుతున్నాడని అందరూ నవ్వారు. బేరం కాదురా. కాళ్ళు రాలేదు. వాణ్ణి ఒక్కణ్ణే అక్కడ పడుకోబెట్టి పైకి రావడం నా వల్ల కాలేదు. నువ్వు కొట్టడానికే లాగావేమో, ఆ గోతిలోంచి నన్ను పైకి తీసింది మాత్రం నువ్వే.