ఎనిమిది మూలల పెట్టె

పాల్వంచ,
ఆగస్టు, 2004.

చిరంజీవి తబితాకు నాయనమ్మ దీవెనలు.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమమని మొదటి వాక్యం రాయాలి. రాశాను. హాస్టల్ సాంబారు తింటూ కూడా నువ్వు క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ట్రైనింగులో ఆరో తరగతికి ఘనాకారాలు చెబుతూ, సుద్దముక్కల డబ్బా చూపించి మూలలెన్ని అని అడిగితే క్లాసంతా నాలుగంటోందని, ఎంత మొత్తుకున్నా ఎనిమిది అనడం లేదని రాశావు. పిల్లలు మొద్దులు కారే. మన భాషలో మూల నేల మీద ఉంటుంది. ఇంటికి మూలలెన్నంటే ఈశాన్యంతో మొదలుపెట్టి నాలుగే చెబుతారు. పైకప్పు దగ్గర ఇంకో నాలుగున్నాయన్న సంగతి బూజు దులిపేవాళ్లకే తెలుసు. డబ్బా వాళ్ల చేతికివ్వు. అరచెయ్యి ఆనేది ముఖం, వేలు జారేది అంచు, వేలికి గుచ్చుకునేది శీర్షం. గుచ్చుకున్నవి లెక్కపెట్టమను, ఎనిమిదీ వస్తాయి. మూల అనే మాట మాత్రం ఆ పీరియడంతా నోట రానివ్వకు. బతుకంతా లెక్కలు చెప్పిన నేను రానిచ్చాను. దాని ఫలితం నిన్న మన వరండాలో నిలబడింది.

వడ్రంగి జంపయ్యను పిలిచి టేకు పలకలిచ్చి ఒక పెట్టె చెయ్యమన్నాను. ఆరడుగుల పొడుగుండాలి, ఎనిమిది మూలలకూ ఇనుప పట్టీలు కొట్టాలి, మోసేటప్పుడు విడిపోకూడదు అన్నాను. దేనికన్నాడు. దుప్పట్లకన్నాను.

అబద్ధం. అది మీ తాతకు.

ఖమ్మంలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, జబ్బు ఊపిరితిత్తుల నిండా పాకిందని, ఇక ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి వండిపెట్టమని చెప్పాడు. ఇష్టమైనవి ఆయనకిప్పుడు దిగవు. జావ దిగితే ఆ పూట పండగే. ఫోనులో నువ్వు విని, మామూలు దగ్గే అనుకున్న దగ్గు అదే. పోయిన వానల్లో మన పక్కింటి కన్నమ్మ చనిపోతే వాగు పొంగి, కొత్తగూడెం నుంచి రావలసిన శవపెట్టె అవతలి ఒడ్డునే ఆగిపోయింది. ఆమెను ఈతచాపలో చుట్టి దించారు. గోతిలో నీళ్లు. చాప తేలింది, కర్రతో అదిమారు. అది చూసినదాన్ని కాబట్టి ముందే చేయించాను.

నిన్న జంపయ్య బండి మీద తెచ్చి దించాడు. నిలువునా ఆరడుగులు, చుట్టూ ఎనిమిది పలకలు, పైన మూత. అచ్చం వడ్లు పోసుకునే గాదె. పది ముఖాలు, పదహారు శీర్షాలు, ఇరవై నాలుగు అంచులు. పనిలో వంక పెట్టడానికి లేదు.

ఇదేందని అడిగితే జంపయ్య నొచ్చుకున్నాడు. "ఎనిమిది మూలలన్నరు గదా టీచరమ్మా. నాలుగు మూలలదైతే నాలుగనే అందురు. పొడుగు గూడ సరిగ్గ ఆరడుగులే, చూస్కోండ్రి."

ఈలోగా మీ తాత గోడ పట్టుకుని బయటికొచ్చారు. ఫిట్టరు చెయ్యి కదా, ఒక్కో అంచూ తడిమి చూశారు.

"గాదె నింపేటంత పంట ఏడున్నది మనకు? ఇది నాకే గదా, ఇన్నమ్మా."

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను.

"దీంట్ల పెడితే సమాధుల దాక దొర్లుకుంటనే పోత. మోసేటోళ్లకు పని దప్పుద్ది." నవ్వబోయి దగ్గారు. తువ్వాలు ఎర్రబడింది. ఊపిరి కుదుటపడ్డాక జంపయ్య వైపు తిరిగారు. "ఇప్పదీయి. పండుకునేటట్టు చెయ్యి. కొలత తీస్కో."

అని అక్కడే గచ్చు మీద వెల్లకిలా పడుకున్నారు. జంపయ్య టేపు పట్టుకుని కదల్లేదు. చివరికి కాళ్ల వైపు కొస నేనే పట్టాను. అయిదడుగుల అయిదంగుళాలు. ఆరడుగులని నేనెందుకు చెప్పానో తెలియదు. కొలవాలని ఎప్పుడూ అనిపించలేదు.

పైకి లేపుతుంటే నా మణికట్టు పట్టుకుని, పిల్లకు చెప్పకు, పరీక్షలు కానియ్యి అన్నారు. సరేనని మాటిచ్చాను. ఫోను ఆయన మంచం పక్కనే ఉంటుంది కాబట్టి నోటితో ఆ మాట తప్పే వీలు కూడా లేదు. అందుకే కలం పట్టాను. ముందు నీ లెక్క చెప్పాను, ఎందుకంటే ఇది ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

మీ అమ్మానాన్నలు పోయాక నీకు జడలు వెయ్యడం నేర్చుకున్న మనిషి. పరీక్షల దాకా ఆగరు తబితా. ఆదివారం దాకా ఆగితే చాలని ప్రార్థిస్తున్నాను. పోస్టును నమ్మలేక, పని మీద మీ ఊరొస్తున్న మన చర్చి కుర్రాడు శాంతికుమార్ చేతికిది ఇస్తున్నాను. అతనితోనే బయలుదేరి రా. పరీక్షలు వచ్చే ఏడు మళ్లీ పెడతారు.

నేను రాశానని ఆయనకు చెప్పకు. సెలవులిచ్చారని చెప్పు. నమ్మరు. నమ్మినట్టు పక్కకు జరిగి, కూర్చోవడానికి నీకు చోటిస్తారు. కూర్చో.

ఇట్లు,
ఇచ్చిన మాట తప్పిన నీ నాయనమ్మ,
ఇన్నమ్మ.